సెకండ్ హ్యాండ్ లగ్జరీ వాచీలు, గ్రే మార్కెట్ వారంటీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఖరీదైన వాచీ బయట కొనాలనుకునేవాళ్లకి మొదట పట్టుకునే భయం నకిలీ గురించే. అది అక్కర్లేని భయం కాదు. కానీ మంచి రిపేరర్ చేతికిస్తే నకిలీ సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. "వారంటీ ఉందండీ" అని అమ్మేవాళ్లు అన్నప్పుడు అది ఎవరి వారంటీ, ఏ తేదీ నుంచి, దేనికి వర్తిస్తుంది అన్నవి తేల్చుకోవడం అంతకన్నా కష్టం. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని గురించే.

గ్రే మార్కెట్ అంటే దొంగ సరుకా?

కాదు. వాచీ అసలైనదే, కంపెనీ తయారుచేసిందే. అమ్మే దుకాణానికి మాత్రం కంపెనీ గుర్తింపు ఉండదు. ఆథరైజ్డ్ డీలర్ల దగ్గర కొన్ని మోడళ్లు నెలల తరబడి కదలకుండా పడి ఉంటాయి. షోరూములో బహిరంగంగా డిస్కౌంట్ పెడితే కంపెనీ ఊరుకోదు. అందుకని ఆ సరుకుని గుట్టుగా, హోల్‌సేల్‌గా గ్రే వ్యాపారులకి వదిలించుకుంటారు. దేశానికీ దేశానికీ ధరల్లో, పన్నుల్లో, కరెన్సీ విలువలో ఉన్న తేడా మీద నడిచే వ్యాపారం మరొకటి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. షోరూములో వెయిటింగ్ లిస్టు ఉన్న మోడళ్లు గ్రే మార్కెట్లో లిస్టు ధర కన్నా ఎక్కువకి అమ్ముడుపోతాయి. రోలెక్స్ డేటోనా, పాటెక్ ఫిలిప్ నాటిలస్ లాంటివి ఈ బాపతు. కాబట్టి గ్రే అంటే చవక అనుకోనక్కర్లేదు. ఎవరికీ పట్టనిది అక్కడ చవక, అందరూ ఎగబడేది ప్రియం.

ఇలా అమ్మడం, కొనడం చట్టబద్ధమేనా?

సాధారణంగా కొనేవాళ్లకి ఏ సమస్యా ఉండదు. గొడవంతా కంపెనీలకీ అమ్మేవాళ్లకీ మధ్యే. అమెరికాలో ఒమేగాకీ, కాస్ట్‌కో అనే పెద్ద దుకాణాల సంస్థకీ మధ్య నడిచిన కేసు దీనికి మంచి ఉదాహరణ. కంపెనీ ధర 1,995 డాలర్లున్న ఒమేగా సీమాస్టర్ వాచీని కాస్ట్‌కో గ్రే మార్కెట్ నుంచి తెప్పించి 1,299 డాలర్లకి అమ్మింది. ఆపడానికి ఒమేగా ఒక ఎత్తు వేసింది: వాచీ వెనక మూత మీద చిన్న గ్లోబ్ బొమ్మ చెక్కించి, ఆ బొమ్మకి కాపీరైట్ తీసుకుని, దాని పేరు మీద కోర్టుకెళ్లింది. 2010లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 4–4గా చీలిపోవడంతో ఏదీ తేలలేదు. చివరికి 2015లో అప్పీల్ కోర్టు కాస్ట్‌కో పక్షానే తీర్పిచ్చింది. తెలివైన ఎత్తే, పారలేదంతే.

ఐరోపాలో పరిస్థితి వేరు. ఐరోపా ఆర్థిక ప్రాంతం బయట మొదటిసారి అమ్ముడైన సరుకుని అనుమతి లేకుండా లోపలికి తెచ్చి అమ్మితే ట్రేడ్‌మార్క్ యజమాని అడ్డుకోవచ్చని అక్కడి న్యాయస్థానం 1998లోనే తేల్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే, కంపెనీ వారంటీ వర్తించని గ్రే సరుకు అమ్మే దుకాణం ఆ మాట కొనేవాళ్లకి కనిపించేలా బోర్డు పెట్టాలని చట్టమే ఉంది.

"ప్రీ-ఓన్డ్", "అన్‌వోర్న్", "న్యూ ఓల్డ్ స్టాక్": వీటికి తేడా ఏమిటి?

ప్రీ-ఓన్డ్ అంటే సెకండ్ హ్యాండే, పేరు కాస్త మర్యాదగా ఉంటుందంతే. అన్‌వోర్న్ అంటే చేతికి పెట్టుకోనిదని అర్థం, కొత్తదని కాదు. ఎవరో ఒకరు ఎప్పుడో కొన్నారు, వారంటీ ఆ రోజే మొదలైపోయింది. న్యూ ఓల్డ్ స్టాక్ అంటే అమ్ముడుపోకుండా ఏళ్లపాటు అల్మారాలో ఉండిపోయిన పాత మోడల్. పైకి తళతళలాడుతున్నా లోపల నూనె ఎండిపోయి ఉండొచ్చు. సర్వీసింగ్ ఖర్చు కలుపుకుని లెక్కవేసుకోండి.

గ్రే మార్కెట్లో కొంటే కంపెనీ వారంటీ వర్తిస్తుందా, వర్తించదా?

అది వాచీతో వచ్చే వారంటీ కార్డుని బట్టి ఉంటుంది.

కంపెనీ వారంటీ మామూలుగా ఆథరైజ్డ్ డీలర్ అమ్మిన తేదీ నుంచి మొదలవుతుంది. ఆ డీలర్ పేరు, తేదీ, సీరియల్ నంబర్ సరిగ్గా నమోదైన కార్డు మీ చేతికి వస్తే, చాలా కంపెనీల విషయంలో మిగిలిన గడువుకి ఆ వారంటీ పనిచేస్తుంది. అది వాచీతో పాటు నడుస్తుంది. రోలెక్స్ 2015 జులై నుంచి 5 ఏళ్లు ఇస్తోంది. ఒమేగా 2018 నవంబర్ నుంచి, ట్యూడర్ 2020 నుంచి అదే దారి పట్టాయి. ఇప్పుడు లెక్క చూడండి: ఐదేళ్ల వారంటీ ఉన్న వాచీ కార్డు మీద తేదీ 14 నెలల క్రితంది అయితే మీకు దక్కేది 3 సంవత్సరాల 10 నెలలు. ప్రకటనలో మాత్రం "5 సంవత్సరాల కంపెనీ వారంటీ" అనే ఉంటుంది. అబద్ధం కాదు, కానీ నిజమూ పూర్తిగా చెప్పలేదు.

తేదీ వేయని ఖాళీ కార్డు వస్తే చాలామంది సంబరపడతారు, తామే తేదీ వేసుకోవచ్చని. వద్దు. కంపెనీలు ఇప్పుడు అమ్మకాన్ని తమ కంప్యూటర్లో నమోదు చేస్తున్నాయి. మీ చేతిరాతకి అక్కడ విలువ లేదు. పైగా అలా నింపిన కార్డు వాచీ మీదే అనుమానం తెస్తుంది.

కార్డే లేకపోతే కంపెనీ వారంటీ లేనట్టే లెక్కవేసుకోండి. "కార్డు తర్వాత పంపిస్తాం" అన్నా అదే లెక్క.

ఇంకో రకం కూడా ఉంది. కార్టియే, ఐడబ్ల్యూసీ, జేజర్-లెకూల్ట్ర్ మొదట 2 ఏళ్ల వారంటీ ఇచ్చి, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే దాన్ని 8 ఏళ్ల దాకా పెంచుతాయి. వీటిని సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు నమోదు అయిందా అని అడగడం మరచిపోకండి. ఒక్క నమోదుతో ఆరేళ్ల తేడా.

"మా దుకాణం వారంటీ 2 ఏళ్లు" అంటారు. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

దుకాణం ఎంతకాలం ఉంటుందో అంతవరకు. ఆ కాగితం కంపెనీ మాట కాదు, అమ్మినవాళ్ల మాట. రేపు వాళ్లు షట్టర్ దించేస్తే ఆ కాగితం దాచుకున్నా పనికిరాదు. గ్రే డిస్కౌంట్‌లో కొంత మీరు మోస్తున్న ఈ రిస్కుకి ధర.

అలాగని కొట్టిపారేయాల్సిన పనీ లేదు. ఏళ్లుగా నడుస్తూ, సొంత వర్క్‌షాపు ఉన్న దుకాణం ఇచ్చే వారంటీ బాగానే పనిచేస్తుంది. కొన్నిసార్లు కంపెనీ సర్వీస్ సెంటర్ కన్నా త్వరగా చేసిస్తారు కూడా. తేడా తెలుసుకోవాలంటే షరతుల కాగితం ముందే అడిగి చదవండి. చాలావాటిలో మూవ్‌మెంట్‌కి, అంటే లోపలి యంత్రానికి, మాత్రమే వారంటీ ఉంటుంది. అద్దం, క్రౌన్ (పక్కన తిప్పే మర), బ్రేస్‌లెట్, నీళ్లు దిగడం, కింద పడటం దాని కిందకి రావు. రిపేరు ఎవరు చేస్తారు? కంపెనీ విడిభాగాలే వేస్తారా? ఈ ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే చాలా స్విస్ కంపెనీలు తమ గుర్తింపు లేని రిపేరర్లకి విడిభాగాలు అమ్మవు. దొరకనప్పుడు బయట తయారైన భాగం వేసి వాచీ నడిపించేస్తారు. వాచీ నడుస్తుంది, విలువ పడిపోతుంది. తర్వాత కంపెనీకి తీసుకెళ్తే ఆ భాగం తీసి అసలుది వేయించుకుంటేనే సర్వీస్ చేస్తామంటారు.

పంపే ఖర్చు, దారిలో బీమా ఎవరివి అన్నది మరో ప్రశ్న. వాచీ వేరే దేశానికి పంపాల్సి వస్తే అటూ ఇటూ కస్టమ్స్ తలనొప్పి కూడా మీదే. చిన్న రిపేరుకి ఇదంతా పడలేక వారంటీ ఉండగానే బయట డబ్బిచ్చి చేయించుకునేవాళ్లున్నారు. అలా బయట మూత తెరిస్తే దుకాణం వారంటీ రద్దయ్యే షరతు చాలా కాగితాల్లో కనిపిస్తుంది.

కంపెనీ వారంటీ లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్ వాచీని ముట్టుకోదా?

ముట్టుకుంటుంది. వాచీ అసలైనదై, మార్పులు లేకుండా ఉంటే డబ్బు తీసుకుని సర్వీస్ చేస్తారు. గ్రే మార్కెట్లో కొన్నందుకు వెళ్లగొట్టరు. బయట వజ్రాలు పొదిగించినవి, డయల్ మార్చినవి, నకిలీ భాగాలున్నవి తీసుకెళ్తే మాత్రం తిప్పి పంపుతారు. ఇంకో మాట: కంపెనీ చేసిన సర్వీసుకి విడిగా గ్యారంటీ వస్తుంది. రోలెక్స్, ఒమేగా రెండూ 2 ఏళ్లు ఇస్తాయి. వారంటీ అయిపోయిన మంచి వాచీ కొని, వెంటనే కంపెనీలో సర్వీస్ చేయించుకుంటే మళ్లీ రెండేళ్ల నిశ్చింత. నన్నడిగితే చాలా దుకాణాల వారంటీ కన్నా ఇదే గట్టిది.

సీరియల్ నంబర్ గీకేసి ఉంది, ధర మాత్రం బాగుంది. కొనొచ్చా?

వద్దు. సరుకు ఏ డీలర్ నుంచి బయటికొచ్చిందో కంపెనీకి తెలియకూడదని గీకే అలవాటు కొన్ని చోట్ల ఉండేది, నిజమే. కానీ దొంగిలించిన వాచీకి కూడా అదే చేస్తారు. రెండింటినీ మీరు విడదీసి చూడలేరు.

బాక్సు, కార్డు అన్నీ ఉంటే వాచీ అసలైనదేనా?

బాక్సు, పేపర్లు కలిపి "ఫుల్ సెట్" అంటారు. మళ్లీ అమ్మేటప్పుడు దానికి ధర వస్తుంది. కానీ బాక్సులూ కార్డులూ విడిగా కూడా అమ్ముడవుతాయి, నకిలీవి కూడా దొరుకుతాయి. కాబట్టి ముందు వాచీ చూడండి, తర్వాతే కార్డు. కార్డు మీద ఉన్న మోడల్ నంబర్, సీరియల్ నంబర్ వాచీ మీదవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. పాత రోలెక్స్‌లో సీరియల్ నంబర్ 6 గంటల వైపు, బ్రేస్‌లెట్ తీస్తే కేసు (వాచీ బయటి లోహపు డొల్ల) మీద కనబడుతుంది. కొత్తవాటిలో డయల్ చుట్టూ ఉన్న లోపలి లోహపు వలయం మీద చెక్కి ఉంటుంది. 2010 ప్రాంతం నుంచి రోలెక్స్ వరుస లేని నంబర్లు వాడుతోంది. ఆ తర్వాతి వాచీకి నంబర్ చూసి "ఇది ఫలానా సంవత్సరంది" అని ఎవరైనా చెబితే ఊహించి చెబుతున్నారని అర్థం.

నకిలీ కాదు, కానీ "ఫ్రాంకెన్" అంటున్నారు. అదేమిటి?

నిజంగా భయపడాల్సింది దీనికే. ప్రతి ముక్కా అసలైనదే కావచ్చు. కాకపోతే కేసు ఒక వాచీది, డయల్ ఇంకోదానిది, మూవ్‌మెంట్ మరోదానిది. పాత వాచీల్లో ఇది ఎక్కువ.

ఎంత పెద్దవాళ్లయినా మోసపోవచ్చనడానికి సాక్ష్యం ఉంది. 2021 నవంబర్‌లో జెనీవాలో ఫిలిప్స్ అనే వేలం సంస్థ వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకి పైగా పలికింది. కొన్నది ఎవరనుకున్నారు? ఒమేగా వాళ్లే, తమ మ్యూజియం కోసం. 2023లో ఆ వాచీ వేర్వేరు వాచీల భాగాలు కలిపి చేసినదనీ, అందులో తమ మాజీ ఉద్యోగుల హస్తం ఉందనీ ఒమేగాయే బయటపెట్టింది. తయారుచేసిన కంపెనీకే జరిగినప్పుడు, ఫోటోలు చూసి కొనేవాళ్ల సంగతి చెప్పేదేముంది?

మనం చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. చీకట్లో వెలిగే పూత వాటిలో ముఖ్యం. 1960ల మొదటిదాకా రేడియం, ఆ తర్వాత 1990ల ఆఖరు దాకా ట్రిటియం, తర్వాత సూపర్ లూమినోవా వాడారు. ట్రిటియం డయల్ అడుగున "స్విస్" అన్న మాట పక్కన "టి" అక్షరం ఉండేది. ట్రిటియం వెలుగు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి, 1985 వాచీ అని చెప్పి అమ్ముతున్నదాని డయల్ లైటు చూపించగానే కొత్తదానిలా ప్రకాశంగా వెలిగిందంటే, డయల్ తర్వాత మార్చినట్టే. అది సర్వీసులో కంపెనీ మార్చిన డయల్ కావచ్చు, అది మోసమూ కాకపోవచ్చు. కానీ ధర మారాలి. ముళ్ల మీద పూత రంగు, డయల్ మీద పూత రంగు ఒకేలా ముదిరాయా అన్నది కూడా చూడండి.

కొనేముందు ఏమేం పరీక్షించాలి?

టైమ్‌గ్రాఫర్ రీడింగ్ అడగండి. వాచీ టిక్‌టిక్ శబ్దం విని రోజుకి ఎన్ని సెకన్లు ముందో వెనకో చెప్పే చిన్న యంత్రం అది. స్విస్ క్రోనోమీటర్ ధ్రువీకరణ ప్రమాణం రోజుకి −4 నుంచి +6 సెకన్లు. రోలెక్స్ తనకు తాను పెట్టుకున్నది ±2. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్‌కి 0 నుంచి +5. అయితే సెకన్ల కన్నా ఆంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతోందన్నది, ముఖ్యం. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు చాలా ఆధునిక మూవ్‌మెంట్లలో అది 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉండాలి. 220కి పడిపోయిందంటే సర్వీస్ దగ్గరపడింది, టైము సరిగ్గా చూపిస్తున్నా సరే. ఆ యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్కకట్టడానికి మూవ్‌మెంట్‌ని బట్టి పెట్టే కోణం) సరిగ్గా పెట్టారా అని కూడా అడగండి. చాలావాటికి 52 డిగ్రీలు, ఒమేగా కో-యాక్సియల్ రకం మూవ్‌మెంట్‌కి 38. అది తప్పు పెడితే రీడింగ్ అంతా తప్పే.

స్టాప్‌వాచ్ ఉంటే ఆపి రీసెట్ చేసినప్పుడు ముల్లు సరిగ్గా 12 దగ్గర నిలవాలి. క్రౌన్ బిగించేటప్పుడు మర సాఫీగా పట్టుకోవాలి. బ్రేస్‌లెట్‌ని పక్కకి పట్టుకుంటే బాగా వేలాడిందంటే అరిగిపోయినట్టు. లింకులు లెక్కపెట్టండి, తక్కువైతే కొనాల్సి వస్తుంది, అవి చవక కాదు.

పాలిష్ గురించి ఒక మాట. దుకాణాలు మెరిసేలా చేసి అమ్మడానికి ఇష్టపడతాయి. కానీ ప్రతి పాలిష్‌లో కొంత లోహం పోతుంది, అంచుల పదును పోతుంది. గీతలున్న పదునైన కేసు, నున్నగా కరిగిపోయిన కేసు పక్కపక్కన పెడితే మొదటిదే తీసుకోండి. గీతలు కావాలంటే ఎప్పుడైనా తీయించొచ్చు, పోయిన లోహం తిరిగి రాదు.

"100 మీటర్లు" అని డయల్ మీద రాసి ఉందని సెకండ్ హ్యాండ్ వాచీతో ఈతకి దిగకండి. లోపలి రబ్బరు వాషర్లు ఎండిపోతాయి. ప్రెజర్ టెస్టు చేయించేదాకా నీళ్లకి దూరంగా ఉంచండి.

సర్వీస్ ఎన్నేళ్లకోసారి?

రోలెక్స్ సుమారు 10 ఏళ్లకి అంటుంది, ఒమేగా 5 నుంచి 8 ఏళ్లకి. వాడకాన్ని బట్టి మారుతుంది. "ఈమధ్యే సర్వీస్ అయింది" అంటే రసీదు చూపించమనండి. రసీదు లేకపోతే సర్వీస్ కానట్టే అనుకుని ధర మాట్లాడండి.

కంపెనీలే అమ్మే "సర్టిఫైడ్ ప్రీ-ఓన్డ్" కొంటే టెన్షన్ ఉండదు కదా?

చాలావరకు ఉండదు. రోలెక్స్ 2022 డిసెంబర్‌లో బుకరర్ షోరూములతో దీన్ని మొదలుపెట్టింది. వాచీని పరీక్షించి, అసలైనదని ధ్రువీకరించి, 2 ఏళ్ల అంతర్జాతీయ గ్యారంటీ ఇస్తుంది. ధర మాత్రం బయటి సెకండ్ హ్యాండ్ కన్నా బాగా ఎక్కువ. మొదటిసారి కొంటూ, ఎవరినీ నమ్మే ధైర్యం లేనివాళ్లకి ఆ అదనపు డబ్బు దండగ కాదు. నమ్మకమైన రిపేరర్ అండ ఉన్నవాళ్లకి అవసరం లేదు.

దొంగిలించిన వాచీ కాదని ఎలా తెలుస్తుంది?

సీరియల్ నంబర్ ముందే అడిగి, పోయిన వాచీల జాబితాల్లో వెతకండి. ది వాచ్ రిజిస్టర్ అలాంటిదే. కార్టియే, ఐడబ్ల్యూసీల యజమాని రిష్మాంట్ గ్రూపు 2023లో మొదలుపెట్టిన ఎన్‌క్వైరస్ ఉచితం. నంబర్ చెప్పడానికే ఇష్టపడని మనిషి దగ్గర బేరం అక్కడితో ఆపేయండి.

డబ్బు ఎలా కట్టాలి?

క్రెడిట్ కార్డు, లేదా వాచీ మీ చేతికొచ్చి మీరు సరే అనేదాకా డబ్బు తన దగ్గర ఆపి ఉంచే మధ్యవర్తి సేవ. ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాకి నేరుగా బదిలీ చేస్తే తిరిగి రాబట్టుకోవడం కష్టం. "ఈరోజు కట్టేస్తే ఇంకో 5 శాతం తగ్గిస్తా" అన్న మాట వినపడగానే రెట్టింపు జాగ్రత్తపడాలి.

పెట్టుబడిగా కొనొచ్చా?

నా సలహా అడిగితే వద్దు. 2020, 2021లో ధరలు ఎగిరి, 2022 మొదట్లో శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగాయి. ఆ శిఖరం మీద కొన్నవాళ్లు చాలామంది ఇంకా చేతికి పెట్టుకునే తిరుగుతున్నారు, అమ్మితే నష్టం కాబట్టి. దుకాణం మీకు అమ్మే ధరకీ మీ దగ్గర కొనే ధరకీ మధ్య తేడా, మధ్యలో సర్వీస్ ఖర్చు, బీమా కలిపితే లాభం ఎక్కడుందో వెతుక్కోవాలి.

అయితే ఏది గ్రేలో కొనాలి, ఏది షోరూములో కొనాలి?

ఏళ్లుగా మార్కెట్లో ఉన్న మూవ్‌మెంట్, మూడు ముళ్లు, తేదీ, అంతే ఉన్న వాచీ అయితే గ్రేలో డిస్కౌంట్‌కి కొనండి. అది ఆగిపోయినా రిపేరు చేయగలవాళ్లు చాలామంది ఉంటారు. కొత్తగా విడుదలైన మూవ్‌మెంట్, క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్నది), పర్పెచువల్ క్యాలెండర్ (నెలల రోజులు, లీపు సంవత్సరం తానే లెక్కవేసుకునేది) లాంటి చిక్కు యంత్రాంగం అయితే కంపెనీ వారంటీకే డబ్బు పెట్టండి. వాటి రిపేరు బిల్లు మీరు మిగుల్చుకున్న డిస్కౌంట్‌ని ఒక్కసారిలో మింగేయగలదు.

బిల్లులో ఏం రాయించుకోవాలి?

మోడల్ నంబర్, సీరియల్ నంబర్, వాచీ స్థితి, మార్చిన భాగాలేవైనా ఉంటే వాటి పేర్లు, కంపెనీ కార్డు మీది తేదీ, దుకాణం వారంటీ ఎన్ని నెలలు, దేనికి. ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు అన్నది కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా ఈ ఒక్క వాక్యం: "కంపెనీ సర్వీస్ సెంటర్ ఇది అసలైనది కాదని, లేదా ఇందులో బయటి భాగాలున్నాయని తేల్చితే మొత్తం డబ్బు తిరిగి ఇస్తాం." నిజాయితీగా అమ్మేవాళ్లకి ఇది రాయడానికి అభ్యంతరం ఉండదు. రాయనంటే వేరే దుకాణం చూసుకోండి.